ఆ పోస్టు ఎందుకు తీసేశాం



పోయిన ఆదివారం సాయంత్రం మన గ్రూపులో ఒక తమ్ముడు పెట్టిన పోస్టును మేం తీసేశాం. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంటర్వ్యూలో భాగంగా తనకు ఇచ్చిన కోడింగ్ అసైన్‌మెంట్ అది. నాలుగు పేజీల ప్రశ్న ఫొటోలు, కింద తను రాసిన మొత్తం కోడ్ జిప్ ఫైలు. మేం చూసి తీసేసే సరికి నాలుగు గంటలు గడిచాయి. ఆ నాలుగు గంటల్లో చాలామంది దాచుకున్నారు, కొందరు వేరే గ్రూపులకు కూడా పంపేశారు.

తీసేశాక మాకు పడిన తిట్లన్నీ ఇక్కడ రాయలేం గానీ ఒకటి మాత్రం రాయాలి. "బయటోళ్ల గ్రూపుల్లో రోజూ పెడుతుంటరు. మనోళ్లు పెడితేనే మీకు నీతి గుర్తొస్తదా అన్నా?"

ఇది పక్కకు తోసెయ్యాల్సిన మాట కాదు. మేం ముగ్గురు అడ్మిన్లం దీని మీద మూడు రాత్రులు ఫోన్లలో కొట్లాడుకున్నాం. అందులో ఒకరు ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు. అందుకే నియమం ఒక లైనులో పెట్టకుండా మా ఆలోచన మొత్తం రాస్తున్నాం. పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఇంటర్, డిప్లొమా చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ కూడా ఉన్నారు కాబట్టి ముందు అసైన్‌మెంట్ అంటే ఏంటో చెప్తాం. కొన్ని కంపెనీలు, ముఖ్యంగా చిన్నవి, రాత పరీక్ష బదులు ఒక పని ఇచ్చి ఇంటి దగ్గర చేసి పంపమంటాయి. బస్సు టికెట్ల బుకింగ్‌కు వెనకాల నడిచే ప్రోగ్రామ్ రాయమనో, ఒక దుకాణం లెక్కల ఫైలు ఇచ్చి అందులోంచి నివేదిక తీయమనో అడుగుతాయి. రెండు మూడు రోజులు టైము ఇస్తాయి. గూగుల్ చూసుకోవచ్చు, పుస్తకం చూసుకోవచ్చు. పంపాక నచ్చితే ఫోన్ చేసి "ఇక్కడ ఇలా ఎందుకు రాశావు?" అని అడుగుతాయి. ఆ మెయిల్ అడుగున చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంటుంది: ఈ ప్రశ్నను ఎవరితోనూ పంచుకోవద్దు అని. కొన్ని కంపెనీలైతే ముందే సంతకం పెట్టించుకుంటాయి. దాన్నే ఎన్‌డీఏ అంటారు.

తమ్ముడు చెడ్డ ఉద్దేశంతో పెట్టలేదు. "అన్నా, నేను రెండు దినాలు తిప్పలు పడ్డ, మనోళ్లు ఇంకొకరు పడొద్దని పెట్టిన" అన్నాడు. ఆ మాట మాకు బాగా తెలుసు. మాలో ఒకరికి 2019లో మొదటి అసైన్‌మెంట్ వచ్చినప్పుడు ఉన్న రెండు రోజుల్లో ఒక రోజు మొత్తం గిట్‌హబ్‌లో కోడ్ ఎలా పెట్టాలో నేర్చుకోవడానికే పోయింది. అడగడానికి ఎవరున్నారు? గచ్చిబౌలిలో బాబాయి, అమెరికాలో బావ ఉన్నోళ్లకు ఫోన్ చేస్తే పని అయిపోతుంది. మన ఇంట్లో కంప్యూటర్ ముట్టుకున్న మొదటి మనిషి మనమే. వేట దొరికితే వాడంతా వాటాలేసుకునే ఇళ్ల నుంచి, విత్తనం లేనోళ్లకు విత్తనం ఇచ్చే ఇళ్ల నుంచి వచ్చాం. దొరికింది ఒక్కరమే దాచుకోవడం మనకు చేతకాదు. అది చేతకాకపోవడమే మంచిది.

అయితే ఇంటర్వ్యూ ప్రశ్న వేట మాంసం లాంటిది కాదు. మా లెక్కలో అది విత్తనాలకు పెట్టుకున్న గింజలు. వండుకుంటే ఆ పూట అందరం తింటాం. వానలు పడ్డాక చేలోకి ఏం తీసుకుపోతాం?

ఎలాగంటే చెప్తాం. మనోళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో ఇన్నేళ్లుగా చూస్తున్నాం. కోడ్ దగ్గర కాదు. గ్రూప్ డిస్కషన్‌లో ఇంగ్లిష్ దగ్గర ఆగిపోతున్నారు. నలభై ఐదు నిమిషాల్లో కెమెరా ముందు, ఎవరో చూస్తుంటే, గట్టిగా ఆలోచిస్తూ ఇంగ్లిష్‌లో చెప్తూ కోడ్ రాయమన్నప్పుడు ఆగిపోతున్నారు. మధ్యలో సిగ్నల్ పోతే అంతే. మంచంలా పరుచుకున్న గుట్టెక్కి పరీక్ష రాసిన చెల్లి కథ మీ అందరికీ తెలుసు. స్క్రీన్ నుంచి చూపు పక్కకు పోయిందని కూడా గుర్తుపెట్టుకునే పరీక్షలు ఉన్నాయి. పక్కన మేక అరిచినా భయమే.

ఈ మొత్తం తతంగంలో మనకు కాస్త వీలైన పద్ధతి ఏదైనా ఉందంటే ఈ ఇంటి అసైన్‌మెంటే. నెమ్మదిగా చదువుకోవచ్చు. అర్థం కాని ఇంగ్లిష్ మాటకు అర్థం చూసుకోవచ్చు. పగలు పొలం పనికి పోయొచ్చి రాత్రి రాసుకోవచ్చు. కరెంటు పోతే వచ్చాక రాసుకోవచ్చు. ముందుగా చూసేది మాట తీరు కాదు, కోడ్. ప్రైవేటు కంపెనీల్లో మనకు రిజర్వేషన్ లేదు. పేరు చివర రాథోడ్ అనో మడావి అనో కొర్రా అనో చూసి మనసులో ఏమనుకుంటారో మన చేతిలో లేదు. కానీ నడిచే కోడ్‌ను నడవట్లేదని అనలేరు కదా.

ఆ ప్రశ్న బయటికి పోతే కంపెనీ ఏం చేస్తుంది? మొదటిసారి ప్రశ్న మారుస్తుంది. ఒక మంచి అసైన్‌మెంట్ తయారు చెయ్యడానికి, దాన్ని వాళ్ల ఉద్యోగులతోనే చేయించి చూడటానికి, మార్కులు ఎలా వెయ్యాలో రాసుకోవడానికి వాళ్లకూ రోజులు పడుతుంది. రెండోసారీ మూడోసారీ బయటికి పోతే విసిగిపోయి ఆ పద్ధతినే ఎత్తేస్తుంది. ఎత్తేసి ఏం తెస్తుంది? కెమెరా పరీక్ష, లైవ్ ఇంటర్వ్యూ. మనం ఎక్కడైతే ఓడిపోతున్నామో అక్కడికే తీసుకుపోతుంది. బాబాయి ఉన్నోళ్లకు దాంతో పెద్ద నష్టం లేదు, ఇంగ్లిష్ మీడియంలో చదివారు, ఇంట్లో ఫైబర్ నెట్ ఉంది. ఉన్న ఒక్క తోవ మూసుకుపోయేది మనకే. మేం పోస్టు తీసెయ్యడానికి మొదటి కారణం ఇది. నీతి కూడా ఉంది గానీ అది రెండోది.

ఇంక ఆ నీతి సంగతి. 2022 అక్టోబర్ 16న గ్రూప్-1 ప్రిలిమ్స్ మనలో ఎంతమంది రాశారో గుర్తు తెచ్చుకోండి. 503 పోస్టులు. అశోక్‌నగర్‌లో గది అద్దెకు ఇంటి దగ్గర మేకలు అమ్మినోళ్లు ఉన్నారు. 2023 మార్చి 17న పేపర్ లీకైందని ఆ పరీక్ష రద్దు చేశారు. జూన్ 11న మళ్లీ రాశాం. బయోమెట్రిక్ సరిగా తీసుకోలేదని, ఇంకా కొన్ని లోపాలు ఎత్తిచూపి సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. ఆ మార్చిలో మనం రోడ్డు మీద కూర్చున్నాం. అప్పుడు ఏమని అరిచాం? డబ్బున్నోడికి, లోపల మనుషులున్నోడికి పేపర్ ముందే అందిందనే కదా. మన గదుల దాకా ఆ పేపర్ రాలేదు, రాదు కూడా. లీకు ఎప్పుడూ చుట్టరికం ఉన్న దారిలోనే నడుస్తుంది, మన దాకా వచ్చేసరికి పరీక్షే రద్దవుతుంది.

ఒప్పుకుంటాం, రెండూ ఒకటి కావు. సర్కారు కొలువు జనం సొత్తు, దాని పేపర్ లీక్ చేస్తే కేసు, జైలు. ప్రైవేటు కంపెనీ ప్రశ్న వాళ్ల సొంత వ్యవహారం. కానీ ఆ రోజు ప్లకార్డు పట్టుకున్న చేత్తోనే ఇవాళ స్క్రీన్‌షాట్ పంపుతుంటే మాకు మింగుడు పడలేదు. మనకంటే ముందు ఎవరికో పేపర్ అందితే అన్యాయం, మనకు ముందు అందితే సాయం అనుకోవడం ఎలా కుదురుతుంది?

ఇప్పుడు జరిగింది చెప్తాం. తమ్ముడి అనుమతి తీసుకునే రాస్తున్నాం, ఊరూ పేరూ లేకుండా. తను అసైన్‌మెంట్ పంపి పాసయ్యాడు. రెండో రౌండ్ కూడా బాగా అయింది. చివరి కబురు కోసం చూస్తూ, ఇంక నా పని అయిపోయింది కదా అని గ్రూపులో పెట్టాడు. అదే కంపెనీ అదే వారం ఇంకో ఇద్దరు మనోళ్లకు అదే ప్రశ్న పంపింది. ఆ ఇద్దరూ జిప్ ఫైలు విప్పి, పేర్లు మార్చి, రెండు మూడు లైన్లు అటూ ఇటూ చేసి పంపేశారు. గురువారం ముగ్గురికీ ఒకే రకం మెయిల్ వచ్చింది. మీ కోడ్ వేరే అభ్యర్థుల కోడ్‌తో సరిపోలుతోంది, అందుకని ముందుకు తీసుకెళ్లలేకపోతున్నాం అని. అసలు రాసినోడు ఎవరో, ఎత్తిరాసినోళ్లు ఎవరో వాళ్లు తేల్చలేదు. తేల్చాల్సిన అవసరం వాళ్లకేంటి? ముగ్గురినీ పక్కన పెట్టారు. తమ్ముడు సొంతంగా, రెండు రాత్రులు మేలుకుని రాసిన కోడ్ అది.

"పేర్లు మార్చాం కదా, ఎలా దొరికింది?" అని అడుగుతున్నారు. ఆ కంపెనీ ఏం వాడిందో మాకు తెలియదు గానీ ఈ పని చేసే పనిముట్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. 1994లోనే అలెక్స్ ఐకెన్ అనే అమెరికా ప్రొఫెసర్ మాస్ అనేది తయారు చేశారు (మన సినిమాల మాస్ కాదు). ప్రపంచమంతా కాలేజీల్లో ప్రోగ్రామింగ్ హోంవర్కులు దాంతో సరిచూస్తారు. అది వేరియబుల్ పేర్లు చూడదు, ఖాళీలు చూడదు, కామెంట్లు చూడదు. వాటిని తీసేశాక మిగిలే కోడ్ అల్లికలోంచి వేలిముద్రల్లాంటివి తీసి పోలుస్తుంది. చొక్కా మార్చినంత మాత్రాన వేలిముద్ర మారదు కదా. కోడింగ్ పరీక్షలు పెట్టే పెద్ద వెబ్‌సైట్లన్నిటిలో ఇలాంటి తనిఖీ ఏదో ఒకటి ఉంది.

ఇంకో మాట చెప్పడానికి మనసు రావట్లేదు గానీ చెప్పాలి. వేరే ముగ్గురు దొరికితే "ఆ ముగ్గురు కాపీ కొట్టారు" అంటారు. మన ముగ్గురు దొరికితే "వీళ్లింతే" అంటారు. కాలేజీలో సీటు వచ్చిన రోజు నుంచి "కోటా" అనే మాట వింటూనే ఉన్నాం. అలా అనేవాళ్లది తప్పు, అందులో అనుమానం లేదు. కానీ ఆ మాట అనడానికి వాళ్లకు చేతికి కర్ర మనమే ఎందుకు ఇవ్వాలి? ఆ కాలేజీ నుంచి వచ్చే ఏడాది అదే కంపెనీకి అప్లై చేసే చెల్లెలు ఏం తప్పు చేసింది?

ఇక్కడిదాకా చదివి "అయితే నోరు మూసుకుని కూర్చోమంటారా" అనుకోకండి. దాచాల్సింది చాలా కొంచెం. ఆ ప్రశ్న పాఠం, దాంతో ఇచ్చిన ఫైళ్లు, దానికి రాసిన జవాబు. అంతే. మిగతాది అంతా చెప్పండి, ఇప్పటికంటే ఎక్కువ చెప్పండి. ఎన్ని రౌండ్లు, ఎన్ని రోజులు ఇచ్చారు, ఏ భాషలో రాయమన్నారు, డేటాబేస్ అడిగారా, టెస్టులు రాయమన్నారా, ఫోన్‌లో తెలుగు కలిపితే ఊరుకున్నారా, జవాబు ఎన్నాళ్లకు వచ్చింది, తీసుకోకపోతే కారణం చెప్పారా. సంతకం పెట్టి ఉంటే ఆ కాగితంలో ఇవి కూడా వద్దన్నారేమో ఒకసారి చూసుకోండి. అర్థం కాకపోతే కంపెనీకి ఒక మెయిల్ రాసి అడగండి, అడిగినందుకు ఎవరూ తీసెయ్యరు. ప్రశ్న ఇవ్వడం కంటే "జాయిన్ అంటే ఏంటో ఒక గంట కూర్చోబెట్టి చెప్తా" అనే అన్న ఒకరుంటే పదిమంది బాగుపడతారు. లీట్‌కోడ్‌లో డబ్బులు కడితే ఏ కంపెనీ ఏ లెక్కలు అడిగిందో జాబితా కనిపిస్తుంది, నిజమే. ఆ చిన్న లెక్కలు ఎన్నైనా చెయ్యండి, అవి ప్రాక్టీసుకే ఉన్నాయి. నమ్మి మెయిల్‌లో పంపిన అసైన్‌మెంట్ సంగతి వేరు.

మీరు రాసిన కోడ్ ఎవరిది అని కూడా అడిగారు. మన 1957 కాపీరైట్ చట్టం కింద కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా సాహిత్య రచన కిందే లెక్క. రాసినవాళ్లే మొదటి హక్కుదారు. ఉద్యోగంలో ఉండి ఆ ఉద్యోగం పనిగా రాస్తే యజమానిది. మీరింకా ఉద్యోగి కాదు. హక్కు వాళ్లకు ఇవ్వాలంటే రాతపూర్వకంగా సంతకం పెట్టి ఇవ్వాలి. అంటే ప్రశ్న కాగితం వాళ్లది, సంతకం పెట్టి ఇచ్చెయ్యకపోతే కోడ్ మీది. అందుకే సంతకం పెట్టేముందు ఆ పేరా చదవండి. కానీ కోడ్ మీదే అయినా బయట పెడితే ప్రశ్న కూడా దాంతోపాటే బయటపడుతుంది. మీ పని నలుగురికీ చూపించుకోవాలంటే, నేర్చుకున్నదాంతో వేరే ఏదైనా కట్టండి. బస్సు బుకింగ్ బదులు, జీసీసీ వాళ్లు చింతపండు, ఇప్పపువ్వు ఏ ధరకు కొంటున్నారో వారం వారం నమోదు చేసే యాప్ కట్టండి. దాన్ని గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా పెట్టండి. ఇంటర్వ్యూలో దాని గురించి అడిగితే మీరు చెప్పినంత బాగా ఇంకెవరూ చెప్పలేరు.

కావాలని పెట్టకపోయినా బయటికి పోయే దారులు ఉన్నాయి. సొంత ల్యాప్‌టాప్, సొంత గది ఉన్నోళ్లకు ఇవి తోచవు. మనలో చాలామంది హాస్టల్‌లో ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లోనో, ఐటీడీఏ శిక్షణ కేంద్రంలోనో, మండల కేంద్రంలో నెట్ సెంటర్‌లోనో చేస్తారు. పని అయ్యాక డౌన్‌లోడ్స్‌లో ప్రశ్న అలాగే ఉంటుంది. బ్రౌజర్‌లో మీ మెయిల్ తెరిచే ఉంటుంది. పెన్‌డ్రైవ్ లేక కోడ్‌ను వేరేవాళ్ల గూగుల్ డ్రైవ్‌లో పెడతారు. మాలో ఒకరి అసైన్‌మెంట్ ఇప్పటికీ ఒక సీనియర్ డ్రైవ్‌లో ఉంది, ఆ అన్న పాస్‌వర్డ్ మర్చిపోయాడు. గిట్‌హబ్‌లో కొత్త రిపాజిటరీ తెరిచేటప్పుడు పబ్లిక్, ప్రైవేట్ అని రెండు ఉంటాయి. చూసుకోకుండా పబ్లిక్ నొక్కేస్తారు. 2019 జనవరి నుంచి ప్రైవేట్ కూడా ఉచితమే, డబ్బులు అడగరు. ప్రైవేట్ పెట్టి, కంపెనీ వాళ్లిచ్చిన ఖాతాను మాత్రం కలపండి. చాట్‌జీపీటీలో ప్రశ్న మొత్తం అతికించడం కూడా మూడో మనిషికి చూపించడమే. వాడొచ్చో లేదో కంపెనీనే అడగండి, కొన్ని వాడమంటాయి, కొన్ని వద్దంటాయి. అన్నను అడగాలనుకుంటే ప్రశ్న కాగితం చూపించకుండా "ఈ ఎర్రర్ ఎందుకొస్తుంది" అని అడగండి. అలా అడగడం కూడా ఒక విద్యే, ఉద్యోగంలో రోజూ అదే పని.

ఒక్క విషయంలో మాత్రం గోప్యత అనే మాటకు భయపడొద్దు. ఉద్యోగం ఇస్తాం, ముందు డిపాజిట్ కట్టు అంటే చెప్పండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటాం అంటే చెప్పండి. మీరే తెగ, ఎలా వచ్చారు ఇక్కడిదాకా అని వెకిలిగా అడిగితే చెప్పండి. అసైన్‌మెంట్ పేరుతో వారం పది రోజుల పని, వాళ్ల అసలు కస్టమర్ పనే చేయించుకుని ఫోన్ ఎత్తకపోతే అది కూడా చెప్పండి. ఆ ప్రశ్నలో ఏముందో రాయకుండానే ఇదంతా చెప్పొచ్చు. "ఎన్‌డీఏ ఉంది, బయట అన్నావో కేసే" అని ఇలాంటివాళ్లే ఎక్కువ బెదిరిస్తారు. ముందు మాకు రాయండి, తెలిసిన లాయర్ అన్నతో మాట్లాడదాం. ప్రశ్న దాచిపెట్టమని అడిగే కంపెనీ మన టైముకూ విలువ ఇవ్వాలి. ఎన్ని గంటల పనో ముందే చెప్పాలి, చూసి జవాబైనా ఇవ్వాలి. పోయిన వానాకాలం ఒక చెల్లి తండాలో రెండు రోజులు కరెంటు లేదని నిజం రాసి గడువు అడిగింది. మూడు రోజులు పొడిగించారు. అడక్కపోతే అదీ లేదు.

మాలో ఒప్పుకోని ఆ ఒకరి మాట కూడా రాస్తామని మాటిచ్చాం. ఏడాది దాటిన పాత ప్రశ్నలు పెట్టుకుంటే తప్పేంటి, కంపెనీ దాన్ని ఎప్పుడో వదిలేసి ఉంటుంది కదా అంటాడు. వదిలేసిందో లేదో మనకెలా తెలుసు అని మేమంటాం. ఇది తేలలేదు. తేలేవరకు పాతవి కూడా పెట్టొద్దు. మీ అభిప్రాయం కామెంట్లలో రాయండి, తిట్లు లేకుండా.

ఆ జిప్ ఫైలు ఫోన్లో ఉన్నోళ్లు తీసెయ్యండి. ముందుకు పంపినోళ్లు అక్కడ కూడా తీసెయ్యమని చెప్పండి. ఎత్తిరాసిన ఇద్దరి పేర్లు అడగొద్దు, మేం చెప్పం. వాళ్లు తమ్ముడికి ఫోన్ చేసి మాట్లాడారు, అది వాళ్ల మధ్య విషయం. ఆ కోడ్ తమ్ముడే రాశాడని కంపెనీకి కూడా వాళ్లే మెయిల్ పెట్టారు. జవాబు ఇంకా రాలేదు.

తమ్ముడికి వేరే కంపెనీ నుంచి ఇంకో అసైన్‌మెంట్ ఈ శుక్రవారం సాయంత్రం వస్తుంది, ఆదివారం రాత్రికల్లా పంపాలి. తన ల్యాప్‌టాప్ స్క్రీన్ దగ్గర విరిగింది, పట్టుకుంటే గానీ నిలబడదు. ఉట్నూరు, ఇంద్రవెల్లి వైపు ఎవరి దగ్గరైనా ఆ రెండు రోజులు వాడని ల్యాప్‌టాప్ ఉంటే మాకు మెసేజ్ పెట్టండి. తనే వచ్చి తీసుకుపోతాడు, సోమవారం పొద్దున తెచ్చిస్తాడు. ఈసారి అన్నిటిలోంచి లాగౌట్ చేసే ఇస్తానన్నాడు.